పదిహేడో వరుస: ఒక వరి జన్యువు కోసం మూడేళ్ల డైరీ

18 సెప్టెంబర్ 2021

ఇవాళ పదిహేడో వరుస దగ్గర స్కేలు పట్టుకుని చాలాసేపు గట్టు మీదే కూర్చున్నాను. పదిహేను రోజుల కిందట బాక్టీరియాలో ముంచిన కత్తెరతో చివర్లు కత్తిరించిన ఆకులే అన్నీ. పక్క వరుసలో, పోలిక కోసం నాటే, తెగులుకు తేలిగ్గా లొంగే టీఎన్ 1 రకం ఆకులు సగానికి పైగా ఎండి గడ్డి రంగుకి తిరిగాయి. దాని పక్కన సాంబా మసూరి పరిస్థితీ అంతే. పదిహేడులో మాత్రం కోసిన అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఎండు ఆగిపోయింది. ఐదు మొక్కలు, ఇరవై ఐదు ఆకులు కొలిచాను. ఒక్కటీ ఐదు సెంటీమీటర్లు దాటలేదు.

బాక్టీరియా ఎండాకు తెగులంటే మా ఊళ్లో అందరికీ తెలుసు. గాలివాన కొట్టి, ఆకులు ఒరుసుకుని చీరుకుపోయిన వారానికి మడి అంచుల నుంచి తెల్లబడుతూ వస్తుంది. దీనికి కారణం శాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. చేలో అనుమానం వస్తే తేలిక పరీక్ష ఒకటుంది: తెగులు సోకిన ఆకు ముక్కను గాజు గ్లాసు నీళ్లలో నిలబెడితే కోసిన అంచు నుంచి పాలలాంటి తీగలు కిందికి దిగుతాయి. అగ్గి తెగులుకు మందులున్నాయి. దీనికి గట్టిగా పనిచేసే మందంటూ లేదు. తట్టుకునే రకం వేసుకోవడమే దారి. పైగా తెగులు వచ్చాక యూరియా చల్లితే ఇంకా పెరుగుతుంది.

బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబా మసూరి, అదే మన బీపీటీ 5204, తినడానికి ఎంత బాగుంటుందో ఈ తెగులుకు అంత లోకువ. అందుకే హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే మూడు జన్యువులను అందులోకి ఎక్కించి 2008లో మెరుగైన సాంబా మసూరిని తెచ్చాయి. నా థీసిస్ పని ఆ మూడూ కాని నాలుగోదాన్ని వెతకడం. బాక్టీరియా కూడా ఊరుకోదు కదా, కొత్త జాతులు పుట్టుకొస్తూనే ఉంటాయి.

పదిహేడు అనేది బెంగాల్ వైపు ఔస్ రకం. అక్కడ ఎండాకాలం చివర్లో చల్లి వానల మధ్యలో కోసుకునే వరి. గింజ ఎరుపు, లావు. అన్నం వండితే ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు.

కత్తెర పట్టుకుని తిరుగుతుంటే కలుపు తీసే అక్క ఆగి అడిగింది. "ఏంది మేడం, మంచిగున్న ఆకులకు రోగం పెడ్తున్నరు?" నిజమే, రోజంతా చేసేది అదే. పేడ రంగు ద్రావణంలో కత్తెర ముంచడం, ఆకు చివర రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించడం, మళ్లీ ముంచడం. 1973 నుంచి ప్రపంచమంతా ఇదే పద్ధతి.

3 ఏప్రిల్ 2022

సంకరం పని పూర్తయింది. రెండు వారాల నుంచి మెడ పట్టేసింది.

అసలు తంటా పూత కలపడం దగ్గర. సాంబా మసూరికి నూట యాభై రోజులు. పదిహేడో వరుస రకం వంద రోజులకే కోతకొస్తుంది. ఒకేసారి నారు పోస్తే సాంబా పొట్టకు రాకముందే పదిహేడు గింజ గట్టిపడుతుంది. అందుకని పదిహేడును పన్నెండు రోజుల తేడాతో నాలుగు దఫాలుగా పోశాను. మూడో దఫా కలిసింది. మొదటి రెండూ పిచ్చుకలకు.

సాయంత్రం నాలుగు దాటాక సాంబా కంకిని పట్టుకుని, మర్నాడు విచ్చుకునే పువ్వుల ఊక పైభాగం మూడో వంతు కత్తిరించాలి. ఒక్కో పువ్వులో ఆరు కేసరాలు. అన్నిటినీ పట్టకారుతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా తన పుప్పొడి తనకే పడి సంకరం పేరుతో సాంబానే చేతికొస్తుంది. తర్వాత బటర్ పేపర్ సంచి తొడిగి పిన్ను. మర్నాడు పది, పదకొండు మధ్య పదిహేడో వరుస కంకి తెచ్చి సంచిలో దులపాలి. ఈ ఎండల్లో పదకొండున్నర దాటితే పుప్పొడి దుమ్ముతో సమానం.

మొత్తం నూట ఎనభై పువ్వులు. కోతప్పుడు వచ్చినవి ఇరవై మూడు గింజలు. ఊక కత్తిరించడంతో సగం గింజ బయటికి కనిపిస్తూ వింతగా ఉన్నాయి. చిన్న కవరులో వేసి, కవరు మీద పెన్సిల్‌తో రాసి (పెన్ను వద్దు, తేమకు చెరుగుతుంది, పోయిన ఏడాది తెలిసింది), ఇంటికెళ్లేటప్పుడు రెండుసార్లు వెనక్కొచ్చి ఫ్రిజ్ తెరిచి చూశాను.

20 సెప్టెంబర్ 2022

ఇరవై మూడులో పందొమ్మిది మొలిచాయి. మార్కర్లతో, అంటే డీఎన్ఏలో ఒక్కో చోటును పట్టిచ్చే ఆనవాళ్లతో చూస్తే, జెల్ మీద పదహారింటిలో తల్లి బ్యాండూ (గీత) తండ్రి బ్యాండూ రెండూ కనబడ్డాయి. మిగతా మూడూ ఉత్త సాంబా. అంటే మూడు చోట్ల నా పట్టకారు గురి తప్పింది.

ఈ పదహారుకి ఆగస్టులో కత్తెర వేశాను. పద్నాలుగో రోజు కొలిస్తే అన్నీ నాలుగైదు సెంటీమీటర్లే! ఎగిరి గంతేశాను. తట్టుకునే గుణం బహిర్గతమన్నమాట, ఒక్క కాపీ ఉంటే చాలు. గైడ్ సార్‌కి ఫోటోలు పంపాను. ఆయన తిరిగి ఒకే ప్రశ్న పంపారు: "టీఎన్ 1 ఎంత?"

వెళ్లి చూశాను. ఆరు.

ఈ తెగులు పెడితే ఇరవైకి పైగా ఎండాల్సిన టీఎన్ 1 ఆరు దగ్గర ఆగిందంటే లోపం మొక్కల్లో కాదు, నా బాక్టీరియాలో ఉంది. ఆరు నెలల నుంచి ఒక ప్లేటు మీంచి ఇంకో ప్లేటుకి, దాని మీంచి మరొకదానికి గీసుకుంటూ వచ్చాను. ప్రయోగశాల తిండికి అలవాటు పడ్డ బాక్టీరియా మొక్కను జబ్బు పెట్టే శక్తి పోగొట్టుకుంటుంది. పుస్తకంలో చదివిందే. పరీక్షలో రాసిందే కూడా.

మళ్లీ మొదటి నుంచి. పొలంలో తెగులు సోకిన ఆకులు తెచ్చి, పైపైన శుభ్రం చేసి, ముక్కల నుంచి కారిన ద్రవాన్ని పెప్టోన్, చక్కెర కలిపిన అగార్ మీద గీసి 28 డిగ్రీల్లో మూడు రోజులు ఉంచితే పసుపు రంగు జిగురు చుక్కలు వచ్చాయి. వాటిని ముందు టీఎన్ 1 మీదే పెట్టి చూసి, బలంగా ఉన్నదాన్ని ఎంచుకుని, నకళ్లు గ్లిసరాల్‌లో మైనస్ 80లో దాచాను. ఇకపై ప్రతి దఫాకీ అందులోంచే తాజాగా తీస్తాను.

కొత్త పిలకల మీద రెండోసారి కత్తెర వేశాను. టీఎన్ 1 ఇరవై రెండు. సాంబా పంతొమ్మిది. పదిహేడో వరుస మూడు. పదహారు ఎఫ్1 (మొదటి తరం సంకర) మొక్కలూ పదిహేడు, పద్దెనిమిది సెంటీమీటర్లు. అన్నీ లొంగిపోయాయి.

అంటే గుణం అంతర్గతం. రెండు కాపీలూ పదిహేడువే అయితేనే పనిచేస్తుంది. ఇంగ్లీషులో ఇలాంటి జన్యువుల పేరు చిన్న అక్షరంతో మొదలవుతుంది, ఎక్స్‌ఏ 21 లాంటి బహిర్గతాలది పెద్ద అక్షరంతో. తెలుగులో రాస్తే ఆ తేడా కనబడదు.

14 అక్టోబర్ 2022

అంతర్గతమని తేలాక పాత జన్యువులు ఉన్నాయేమో చూడటం న్యాయం. ఎక్స్‌ఏ 13 ని జన్యువు మీదే కూర్చునే మార్కర్‌తో చూశాను, లేదు. ఎక్స్‌ఏ 5 కి ఫ్రీజర్‌లో ఆర్‌ఎం 122 ఉంది. ఐదో క్రోమోజోమ్ కొసన ఎక్స్‌ఏ 5 కి దగ్గరగా ఉండే మార్కర్. ఎక్స్‌ఏ 5 ఉన్న ఐఆర్‌బీబీ 5 అనే రకం పక్కన పదిహేడో వరుస డీఎన్ఏ పెట్టి జెల్ నడిపితే బ్యాండ్లు వేరే ఎత్తుల్లో వచ్చాయి. నోటుపుస్తకంలో "ఎక్స్‌ఏ 5 లేదు" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

(ఆ రెండు గీతలు ఇప్పటికీ ఉన్నాయి. చెరపలేదు.)

28 సెప్టెంబర్ 2023

ఎఫ్2, అంటే ఎఫ్1 మొక్కల పిల్లలు. 412 మొక్కలు, మొక్కకి ఐదు ఆకులు, రెండు వేల అరవై ఆకులు. ఇద్దరం కలిసి రెండు రోజుల్లో కత్తిరించాం. మధ్యలో వాన. వాన పడితే ఆకు మీది ద్రవం కొట్టుకుపోతుందేమోనని టెన్షన్, కానీ తేమ ఉంటే తెగులు బాగా పట్టుకుంటుంది కూడా. టీఎన్ 1 ని ప్రతి ఇరవై వరుసలకొకసారి నాటాను. అన్నిచోట్లా ఇరవై దాటింది, ఊపిరి పీల్చుకున్నాను.

కొలతలు: తట్టుకున్నవి 96, లొంగినవి 316. ఒక్క అంతర్గత జన్యువైతే నాలుగింట ఒకటి, అంటే 103, 309 రావాలి. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా కొలిచే కై స్క్వేర్ 0.63. దాటకూడని హద్దు 3.84. లెక్క సరిపోయింది. ఒకే జన్యువు.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను. మిర్యాలగూడ దగ్గర ఐదెకరాలు బీపీటీ వేస్తాడు. "ఒకటే జీనా? మరి మూడు కాలాలు పట్టిందేమే?" అన్నాడు. జవాబు చెప్పబోతుంటే కాలువ నీళ్లొచ్చాయని పెట్టేశాడు.

సరే, ఇక్కడ రాసుకుంటాను. అంతర్గత జన్యువుతో ఒక సుఖం ఉంది. తట్టుకున్న 96 మొక్కల్లో ప్రతి దాంట్లోనూ ఆ చోట రెండు కాపీలూ పదిహేడువే అయి ఉండాలి. లొంగినవాటిలో ఏది ఏమిటో తెలియాలంటే మళ్లీ విత్తనం పోసి ఎఫ్3 చూడాలి. తట్టుకున్నవాటికి ఆ పని లేదు. ఈ 96 తోనే మ్యాప్ గీయొచ్చు: 192 క్రోమోజోమ్‌లు, ప్రతి ఒక్కటీ సాక్షి.

11 జనవరి 2024

రెండు నెలలు డీఎన్ఏతోనే సరిపోయింది. ఆకులు నూరడం, సీటీఏబీ ద్రావణం, క్లోరోఫాం, పైపొర జాగ్రత్తగా తీయడం, ఐసోప్రొపనాల్‌లో తెల్లటి దూది పోగులా డీఎన్ఏ తేలడం. మొదటి యాభై చూడ్డానికి బాగుంటుంది.

తర్వాత ఉమ్మడి కుప్పల పద్ధతి. 1991లో లెట్యూస్ మీద బూజు తెగులును తట్టుకునే జన్యువుల కోసం వాడిన చిట్కా ఇది. తట్టుకున్న పది మొక్కల డీఎన్ఏ ఒక ట్యూబులో కలుపు, లొంగిన పదింటిది ఇంకోదాంట్లో. జన్యువుకి దూరంగా ఉన్న చోట్ల రెండు కుప్పల్లోనూ తల్లిదండ్రులిద్దరి బ్యాండ్లూ కలగలిసి ఉంటాయి. జన్యువు దగ్గర మాత్రం తట్టుకున్న కుప్పలో పదిహేడు బ్యాండే మిగులుతుంది. నాలుగు వందల మొక్కలకు బదులు రెండు ట్యూబులు చూస్తే సరిపోతుంది.

పన్నెండు క్రోమోజోముల మీదా సాంబాకీ పదిహేడుకీ తేడా చూపే 71 మార్కర్లు దొరికాయి. రోజుకి ఎనిమిది చొప్పున. ఒకటో క్రోమోజోమ్, రెండు, మూడు, నాలుగు... ఏమీ లేదు. మనసులో పదకొండు మీద ఆశ. తెగుళ్లను తట్టుకునే జన్యువులు అక్కడ గుంపులుగా ఉంటాయి, ఎక్స్‌ఏ 21 కూడా అక్కడే.

ఇవాళ మధ్యాహ్నం ఐదో క్రోమోజోమ్. ఆర్‌ఎం 13. తట్టుకున్న కుప్పలో సాంబా బ్యాండ్ బాగా పలచబడింది. లొంగినదాంట్లో రెండూ చిక్కగా ఉన్నాయి. యూవీ పెట్టె ముందు నిల్చుని ఒకసారి, ఫోటో తీసి ఇంకోసారి చూశాను.

సంతోషం ఒక పది నిమిషాలుంది. ఆర్‌ఎం 13 ఐదో క్రోమోజోమ్ పొట్టి చేతి మీద ఉంది. ఆ చేతి కొసనే ఎక్స్‌ఏ 5.

15 జనవరి 2024

నాలుగు రోజులు మనసును నేనే ఒప్పించుకున్నాను. పక్కపక్కనే రెండు వేర్వేరు జన్యువులు ఉండకూడదని ఎక్కడుంది? ఆర్‌ఎం 122 బ్యాండ్ తేడాగా వచ్చింది కదా? సార్ దగ్గర ఇదే వాదించాను. ఆయన కాదనలేదు, "96 మీద నడుపు" అన్నారు.

నడిపాను. ఆర్‌ఎం 13 దగ్గర 192 లో 17 క్రోమోజోమ్‌లు మార్కర్‌కీ జన్యువుకీ మధ్య తెగి కలిశాయి, దాదాపు 9 సెంటీమోర్గాన్లు (ఇలా తెగే శాతంతో కొలిచే దూరం). ఆర్‌ఎం 122 దగ్గర ఒకే ఒక్కటి. అంటే అర సెంటీమోర్గాన్. వరిలో ఒక సెంటీమోర్గాన్ సుమారు రెండున్నర లక్షల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) కాబట్టి, నేను వెతికే జన్యువు "ఎక్స్‌ఏ 5 లేదు" అని తేల్చిన మార్కర్‌కు లక్షో రెండు లక్షలో బేస్‌ల దూరంలో కూర్చుని ఉంది.

అప్పుడు అర్థమైంది తప్పు ఎక్కడ జరిగిందో. ఆర్‌ఎం 122 జన్యువు కాదు, పొరుగిల్లు. ఐఆర్‌బీబీ 5 లో ఎక్స్‌ఏ 5 పక్కన ఆ సైజు ఆర్‌ఎం 122 ఉంది కాబట్టి అన్ని రకాల్లోనూ అదే సైజు ఉండాలని లేదు. ఔస్ రకాల్లో ఈ జన్యువు తరతరాలుగా ఉంది. అన్ని తరాల్లో పొరుగు మారడానికి బోలెడు అవకాశం. ఒకే సంకరం పిల్లల్లో జన్యువును వెంబడించడానికి దగ్గరి మార్కర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తల్లిదండ్రులు ఎవరో మనకు తెలుసు కాబట్టి. ముక్కూమొహం తెలియని రకంలో జన్యువు ఉందా లేదా తేల్చడానికి అదే మార్కర్ వాడితే నాలాగే ఏడాదిన్నర పోతుంది. ఎక్స్‌ఏ 5 లోని తేడానే నేరుగా చూపే మార్కర్ 2007 నుంచే ఉంది. ప్రైమర్లు తెప్పించడానికి వారం, వెయ్యి రూపాయల లోపు ఖర్చు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఈ నాలుగు రోజుల్లో డేటాబేస్ తెరిచి ఆ ప్రాంతంలోని జన్యువుల్లో ఎన్ఎల్ఆర్ (తెగులును పసిగట్టే ప్రొటీన్ల) తరగతిది ఒక్కటైనా కనబడుతుందా అని వెతికాను. తెగులును తట్టుకునే జన్యువంటే మొదట అందరికీ గుర్తొచ్చేది ఆ తరగతే. 1998లో క్లోన్ చేసిన ఎక్స్‌ఏ 1 అలాంటిదే. అక్కడ ఒక్కటీ లేదు. 2004లో ఎక్స్‌ఏ 5 ను క్లోన్ చేసినప్పుడు బయటపడ్డది కూడా అందుకే అందరినీ ఆశ్చర్యపరిచింది: టీఎఫ్‌ఐఐఏ గామా, ప్రతి కణంలోనూ జన్యువులు చదివే యంత్రంలో ఒక చిన్న మర.

19 ఫిబ్రవరి 2024

సీక్వెన్స్ వచ్చింది. ఆ జన్యువును సాంబా, పదిహేడు, ఐఆర్‌బీబీ 5 మూడింటిలోనూ పీసీఆర్ చేసి పంపాను. 39వ అమైనో ఆమ్లం దగ్గర సాంబాలో జీటీసీ, పదిహేడులో జీఏజీ. వాలీన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం. ఐఆర్‌బీబీ 5 లోనూ అక్షరం అక్షరం అదే. ఎక్స్‌ఏ 5 గుర్తే ఇది.

ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే రాత్రి కూర్చుని ఈ జన్యువు పనితీరు మళ్లీ చదివితే, నేను కనిపెట్టకపోయినా, నా చేతిలోకి వచ్చినందుకు ఒకరకంగా సంబరమే అనిపించింది.

బాక్టీరియా కణం గోడకు సూది లాంటిది గుచ్చి టేల్ అనే ప్రొటీన్లను వరి కణంలోకి పంపుతుంది. అవి కేంద్రకంలోకి పోయి, వరి జన్యువుల ముందున్న స్విచ్‌ల మీద కూర్చుని, తమకు కావలసినవాటిని ఆన్ చేయిస్తాయి. అందులో ఒకటి కణం లోపలి చక్కెరను బయటికి వదిలే ప్రొటీన్‌ది. బాక్టీరియాకి తిండి. ఎక్స్‌ఏ 13 అంటే ఆ చక్కెర జన్యువు ముందున్న స్విచ్ మారిపోయి, బాక్టీరియా దాన్ని గుర్తుపట్టలేకపోవడమే. ఎక్స్‌ఏ 5 ది ఇంకో ఎత్తు. స్విచ్ నొక్కాలంటే టేల్ ప్రొటీన్ వరి సొంత మర టీఎఫ్‌ఐఐఏ గామాను పట్టుకోవాలి. 39వ చోట అమైనో ఆమ్లం మారిన మర దానికి చేతికి చిక్కదు. వరి మాత్రం ఆ మరతోనే తన పని తాను చేసుకుంటుంది.

నా పదహారు ఎఫ్1 మొక్కలూ ఎందుకు లొంగాయో ఇక్కడే దొరికింది. వాటిలో ఒక కాపీ సాంబాది, మామూలు మర. ఇంట్లో ఒక్క తలుపుకి తాళం వేసి ఇంకోటి తీసి ఉంచితే దొంగకేం ఇబ్బంది?

24 సెప్టెంబర్ 2024

సీక్వెన్స్ తేలినా, థీసిస్ కోసం యుగ్మవికల్ప పరీక్ష, అంటే రెండు రకాల్లోనూ ఉన్నది ఒకే జన్యువా అని తేల్చే పరీక్ష, చేయాల్సిందే. పదిహేడును ఐఆర్‌బీబీ 5 తో సంకరం చేశాను. రెండూ వేర్వేరు అంతర్గత జన్యువులైతే ఎఫ్1 లో దేనికీ రెండు కాపీలుండవు, తెగులుకు లొంగుతుంది. ఒకటే అయితే తట్టుకుంటుంది. పద్నాలుగో రోజు ఇవాళ. టీఎన్ 1 ఇరవై మూడు. ఎఫ్1 తొమ్మిది మొక్కలూ రెండున్నర నుంచి నాలుగు. కలుపు తీసే అక్క పక్కనే ఉంది. "ఇవి మంచిగున్నయి, మరి మొఖమేంది గట్ల పెట్టినవ్ మేడం?" అంది.

2021 నాటి సేకరణలో తట్టుకున్న రకాలు ఇంకో ఆరున్నాయి. వాటన్నిటికీ ఈసారి ముందే జన్యువునే నేరుగా చూపే మార్కర్లతో ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 21 మూడూ చూశాను. నాలుగింటిలో ఎక్స్‌ఏ 5. ఒకటి మళ్లీ కత్తెర వేస్తే నిలబడలేదు, అప్పట్లో తెగులు సరిగా పట్టనట్టుంది. మిగిలింది ఇరవై తొమ్మిదో వరుస. అందులో ఆ మూడూ లేవు.

ఏప్రిల్‌లోనే దాన్నీ సాంబాతో కలిపాను, పదకొండు గింజలు వచ్చాయి. ఎనిమిది మొక్కలు మడిలో ఉన్నాయి. మైనస్ 80 నుంచి తాజా బాక్టీరియా తీసి ప్లేటు మీద గీశాను. శుక్రవారం కత్తెర. వాన లేకపోతే.